పెదవి కదపకుండానే మాట: విద్యార్థులు చేసిన యంత్రాలు, మనం చేయగల పని

మాట్లాడగలగడం మనిషికి అల్లాహ్ ప్రసాదించిన గొప్ప వరాల్లో ఒకటి. దివ్య ఖుర్ఆన్‌లో సూరా అర్-రహ్మాన్ మొదటి ఆయతుల్లోనే మనిషి సృష్టి ప్రస్తావన, ఆ వెంటనే మనసులోని భావాన్ని వ్యక్తం చేసే శక్తి ప్రస్తావన వస్తాయి. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఫిరౌన్ దగ్గరకు వెళ్లే ముందు తన నాలుకకున్న ముడి విప్పమని అల్లాహ్‌ను వేడుకున్నారని, తనకంటే చక్కగా మాట్లాడగల సోదరుడు హారూన్ (అలైహిస్సలాం)ను తోడుగా ఇమ్మని కోరారని మనమందరం ప్రసంగాల్లో విన్నదే. ఒక ప్రవక్త తన మాటకు సాయం కావాలని అడిగారు. ఆ సాయం లభించింది. మాటకు ఊతం కోరడం చిన్నతనం కాదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మన చుట్టూ అలాంటి ఊతం కోసం ఎదురుచూసేవారు ఎందరో ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. వారిలో మాటకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు దాదాపు 20 లక్షలు. వీరిలో చాలామందికి తెలివి లోపం లేదు. అడిగినది అర్థమవుతుంది, జవాబు తెలుసు, జవాబు బయటికి రాదు. అయినా సమాజం వారిని ‘ఏమీ తెలియనివారు’గా జమకడుతుంది. మాట రాని బిడ్డకు చదువెందుకని బడి మాన్పిస్తారు. పక్షవాతంతో మాట పోయిన ఇంటి పెద్దను, ఆయన సొంత ఆస్తి విషయంలో కూడా, అడగడం మానేస్తారు. అసలు నష్టం ఇక్కడ జరుగుతోంది.

ఈమధ్య పత్రికల్లో ‘మనసులో అనుకుంటే చాలు, యంత్రం మాట్లాడుతుంది’ అనే వార్తలు తరచుగా వస్తున్నాయి. వాటిలో కొన్నిటిని చేసినవారు విద్యార్థులు. దాతలు కూడా ‘ఇలాంటివి మన పిల్లలకు కొనిపెట్టవచ్చా?’ అని అడుగుతున్నారు. ఈ యంత్రాలు ఎలా పనిచేస్తాయి, ఎవరికి పనికొస్తాయి, ఎవరికి రావు, మన రూపాయి ఎక్కడ పెడితే ఒక మనిషికి నిజంగా మాట దక్కుతుంది అన్నది వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాట ఎక్కడ ఆగిపోతుంది?

‘నీళ్లు కావాలి’ అని ఒక పసివాడు అనడానికి లోపల పెద్ద ప్రయాణమే జరుగుతుంది. మొదట మెదడులో భావం పుడుతుంది. ఆ భావం మాటల రూపం దాలుస్తుంది. ఆ మాటలను పలకడానికి ఏ కండరం ఎప్పుడు కదలాలో మెదడు ఆజ్ఞలు తయారుచేస్తుంది. ఆ ఆజ్ఞలు నరాల ద్వారా పెదవులకు, నాలుకకు, దవడకు, గొంతుకు, ఛాతీకి చేరతాయి. ఆ కండరాలన్నీ ఒక్క లయలో కదిలితే ఊపిరి శబ్దమై, శబ్దం మాటై బయటికి వస్తుంది.

ఈ దారిలో ఎక్కడ గండి పడ్డా మాట ఆగుతుంది. గండి ఎక్కడ పడిందన్నదే ముఖ్యమైన ప్రశ్న.

మాటలు కూర్చే చోటే దెబ్బ తింటే దాన్ని అఫేసియా అంటారు. ఎక్కువగా పక్షవాతం వల్ల వస్తుంది. 1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా ఒక రోగిని పరీక్షించాడు. ఎదుటివారి మాట అతనికి అర్థమయ్యేది కాని, నోటి నుంచి ‘టాన్’ అనే ఒక్క శబ్దమే వచ్చేది. అతను మరణించాక మెదడు ముందు భాగంలో ఎడమవైపు దెబ్బ ఉన్నట్టు బ్రోకా గుర్తించాడు. ఆ చోటును ఇప్పటికీ ‘బ్రోకా ప్రాంతం’ అనే పిలుస్తున్నారు.

మాటలు సిద్ధంగానే ఉండి, నరాలో కండరాలో సరిగా పనిచేయకపోతే మాట ముద్దగా, తడబడుతూ వస్తుంది. దీన్ని డిసార్థ్రియా అంటారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, మోటార్ న్యూరాన్ వ్యాధి ఉన్న పెద్దల్లో ఇది కనిపిస్తుంది. ప్రఖ్యాత శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌ది ఈ చివరి వ్యాధే. 1985లో న్యుమోనియా సోకినప్పుడు ప్రాణం నిలపడానికి గొంతుకు రంధ్రం చేయాల్సి వచ్చింది. దాంతో మిగిలిన కాస్త మాటా పోయింది. తర్వాత చాలా ఏళ్లు ఆయన బుగ్గ కండరం ఒక్కటి కదిలించి, కంప్యూటర్ తెర మీద మాటలు ఎంచుకుంటూ ప్రపంచంతో మాట్లాడారు.

ఇక మూడో రకం, గొంతు క్యాన్సర్ వల్ల స్వరపేటికను తీసేసినవారు. బీడీ, సిగరెట్ అలవాట్లు ఈ క్యాన్సర్‌కు ప్రధాన కారణాలు. వీరికి మెదడు, నరాలు, నాలుక అన్నీ బాగానే ఉంటాయి. స్వరం మాత్రమే ఉండదు.

ముగ్గురికీ ‘మాట రాదు’ అనే అంటాం. కాని ముగ్గురికీ ఒకే యంత్రం పనికిరాదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే ఇక చెప్పబోయేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మెదడు సంకేతాలను వినే ప్రయత్నాలు

మెదడు పనిచేసేటప్పుడు అతి సూక్ష్మమైన విద్యుత్ తరంగాలు పుడతాయి. జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి తల మీద నుంచి వాటిని నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. ఆసుపత్రుల్లో మూర్ఛ రోగులకు చేసే ఈఈజీ పరీక్ష అక్కడి నుంచి వచ్చిందే. 1973లో జాక్ విదాల్ అనే శాస్త్రవేత్త ఈ తరంగాలతో కంప్యూటర్‌ను నడపవచ్చునని ప్రతిపాదిస్తూ, ‘మెదడు–కంప్యూటర్ అనుసంధానం’ అన్న అర్థంలో ఒక పేరు పెట్టాడు. ఆ పేరే నేటికీ వాడుకలో ఉంది.

1988లో ఫార్వెల్, డాంచిన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పద్ధతి చూపించారు. తెర మీద అక్షరాల పట్టిక ఉంటుంది. వరుసలు ఒకదాని తర్వాత ఒకటి మెరుస్తాయి. రోగి మనసులో అనుకున్న అక్షరం మెరిసినప్పుడు, సుమారు సెకనులో మూడో వంతు తర్వాత, మెదడు తరంగంలో ఒక ప్రత్యేకమైన ఎత్తు కనిపిస్తుంది. కంప్యూటర్ దాన్ని పట్టుకుని ఆ అక్షరాన్ని రాస్తుంది. కండరాలు ఒక్కటీ కదలనివారికి ఇది పెద్ద ఆశే. కాని ఇలా నిమిషానికి కొన్ని అక్షరాలు మాత్రమే రాయగలం.

ఎందుకంత నెమ్మది? షాదీఖానా బయట నిలబడి లోపల ఒకే ఒక్క మనిషి ఏమంటున్నాడో వినాలనుకోండి. గోడ అడ్డం, వందల గొంతులు కలగాపులగం. తల మీద పెట్టిన ఎలక్ట్రోడ్‌కు పుర్రె ఎముక అలాంటి గోడ.

ఆ గోడ దాటి లోపలికి వెళ్లినవారు కూడా ఉన్నారు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ ఫ్రాన్సిస్కోలో ఎడ్వర్డ్ చాంగ్ బృందం శస్త్రచికిత్స ద్వారా మెదడు ఉపరితలం మీద ఎలక్ట్రోడ్లు అమర్చి, పక్షవాతంతో మాట పోయిన ఒక వ్యక్తికి 50 మాటల పరిధిలో వాక్యాలు చెప్పే వీలు కల్పించింది. అది 2021 నాటి సంగతి. 2023లో స్టాన్‌ఫోర్డ్ బృందం నిమిషానికి 62 మాటలు, చాంగ్ బృందం 78 మాటలు సాధించాయి. మామూలు ఇంగ్లీషు సంభాషణ నిమిషానికి సుమారు 150 మాటలు నడుస్తుందనుకుంటే, ఇది దాదాపు సగం దూరం. అద్భుతమే. అయితే ఇందుకు మెదడు శస్త్రచికిత్స కావాలి, పెద్ద ఆసుపత్రి కావాలి, నిపుణుల బృందం వెంటే ఉండాలి. ఒక జిల్లా కేంద్రంలోని కుటుంబానికి ఇప్పట్లో అందేది కాదు.

ఢిల్లీ విద్యార్థి ‘ఆల్టర్ ఈగో’

పుర్రె లోపలికి పోకుండా, పుర్రె బయట గందరగోళమూ వినకుండా, మధ్యేమార్గం ఏదైనా ఉందా? ఈ ప్రశ్నకు ఢిల్లీకి చెందిన అర్ణవ్ కపూర్ అనే విద్యార్థి ఒక జవాబు చూపించాడు. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో పరిశోధక విద్యార్థిగా ఉంటూ, మరో విద్యార్థి శ్రేయస్ కపూర్, అధ్యాపకురాలు ప్యాటీ మేస్‌లతో కలిసి 2018లో ‘ఆల్టర్ ఈగో’ అనే పరికరాన్ని ప్రకటించాడు.

చెవి మీద నుంచి దవడ వెంబడి కింది పెదవి దాకా వచ్చే తెల్లని ప్లాస్టిక్ పట్టీ అది. చర్మానికి తగిలేలా ఎలక్ట్రోడ్లు ఉంటాయి. కోత లేదు, సూది లేదు. చెవి దగ్గర ఎముక ద్వారా శబ్దాన్ని పంపే అమరిక ఉండడం వల్ల యంత్రం చెప్పేది ధరించిన వ్యక్తికే వినిపిస్తుంది.

ఇది పనిచేసే తీరు అర్థం కావాలంటే ఒక సంగతి గమనించండి. మనం లోలోపల తస్బీహ్ చదువుకునేటప్పుడు పెదవి కదలకపోయినా నాలుక మూలంలో, గొంతులో చిన్న స్పందన ఉంటుంది. పిల్లలు ‘మనసులో చదువుకో’ అంటే పెదవులు కదుపుతూ చదవడం ప్రతి ఉపాధ్యాయుడూ చూసేదే. అంటే, మాటను లోపల ‘పలికినప్పుడు’ మెదడు కండరాలకు ఆజ్ఞ పంపుతూనే ఉంటుంది, శబ్దం రానంత బలహీనంగా. ఆ బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని దవడ, గడ్డం చర్మం మీద నుంచి పట్టుకోవడమే ఆల్టర్ ఈగో చేసే పని. ఏ మాటకు ఏ సంకేతం వస్తుందో కంప్యూటర్‌కు నేర్పిస్తారు.

కాబట్టి దీన్ని ‘మనసు చదివే యంత్రం’ అనడం సరికాదు. ఆలోచన దీనికి అందదు. కావాలని లోపల పలికిన మాట మాత్రమే అందుతుంది. మనిషి అంతరంగం అల్లాహ్‌కే తెలుసు అనే మన విశ్వాసానికి ఈ యంత్రం అడ్డు వస్తుందేమోనని భయపడేవారికి ఇది తెలియాలి. మాట్లాడాలనే సంకల్పం లేకపోతే యంత్రం కూడా మౌనంగానే ఉంటుంది.

ఎలక్ట్రోడ్లు ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి ముందుగా ముఖం, మెడ మీద 16 చోట్ల పెట్టి, ఒకే మాటలను మళ్లీ మళ్లీ అనిపించి చూశారు. ఏడు చోట్ల మాత్రమే నమ్మదగిన తేడాలు కనిపించాయి. తర్వాత దవడకు ఒక పక్కన నాలుగు చోట్లతోనే సరిపెట్టవచ్చునని గమనించారు. పదిమంది మీద పరీక్షించారు. ఒక్కొక్కరు సుమారు 15 నిమిషాలు యంత్రానికి తమ తీరు నేర్పారు, తర్వాత గంటన్నర సేపు మౌనంగా లెక్కలు చేయించారు. సగటున నూటికి 92 మాటలు సరిగ్గా వచ్చాయి. గమనించవలసింది ఏమిటంటే, ఒక్కో పనికి యంత్రానికి తెలిసిన మాటలు దాదాపు ఇరవయ్యే.

ఆ పరీక్షలో పాల్గొన్నవారు ఆరోగ్యవంతులు. మాట పోయినవారి మీద ఏమైంది? కపూర్ బృందం 2020లో వెల్లడించిన అధ్యయనంలో మల్టిపుల్ స్క్లెరోసిస్ వల్ల గొంతు దెబ్బతిన్న ముగ్గురు రోగులు 15 వాక్యాలను శబ్దం లేకుండా పలికారు. యంత్రం సగటున నూటికి 81 సార్లు సరిగ్గా గుర్తించింది. అదే ఏడాది అర్ణవ్ కపూర్‌కు లెమెల్సన్–ఎంఐటీ విద్యార్థి బహుమతి లభించింది. 2025లో ఆల్టర్ ఈగో ఒక కంపెనీగా ప్రజల ముందుకు వచ్చింది.

ఇప్పుడు మొదట చెప్పిన మూడు రకాలను దీనికి అన్వయించి చూడండి. స్వరపేటిక తీసేసినవారికి నాలుక, దవడలకు ఆజ్ఞలు అందుతూనే ఉంటాయి కనుక ఇలాంటి పరికరం బాగా పనికిరావచ్చు. నరాల బలహీనత ఉన్నవారికి, ఎంతో కొంత ఆజ్ఞ కండరానికి చేరుతున్నంత వరకు ఉపయోగపడుతుంది. మాటలు కూర్చే చోటే దెబ్బతిన్న అఫేసియా రోగికి మాత్రం, పట్టుకోవడానికి దవడ దగ్గర సరైన మాటే ఉండదు. అలాంటి తండ్రికి ఎంత ఖరీదైన పట్టీ కొనిపెట్టినా ప్రయోజనం ఉండదు. ఆయనకు కావలసింది ఓపికగల స్పీచ్ థెరపిస్ట్, ఓపికగల కుటుంబం.

ఊపిరితో మాట, ముద్ద మాటకు స్పష్టత

అన్నీ అమెరికాలోనే జరగాలని లేదు. 2014లో హర్యానాలోని పానిపట్‌కు చెందిన అర్ష్ షా దిల్బాగీ అనే పాఠశాల విద్యార్థి ‘టాక్’ అనే చిన్న పరికరం తయారుచేసి గూగుల్ సైన్స్ ఫెయిర్ తుది దశకు చేరాడు, ప్రజల ఓట్లతో ఇచ్చే బహుమతి గెలిచాడు. దాని సూత్రం వింటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ముక్కు దగ్గర ఒక సెన్సర్ ఉంటుంది. చిన్న ఊపిరి ఒక చుక్క, పొడవైన ఊపిరి ఒక గీత. పాతకాలం టెలిగ్రాఫ్ ఆఫీసుల్లో వాడిన మోర్స్ కోడ్ అన్నమాట. ఆ చుక్కలు, గీతలను యంత్రం అక్షరాలుగా, మాటలుగా మార్చి బయటికి పలుకుతుంది. చేయి కదలని, నోరు కదలని మనిషికి కూడా ఊపిరి మీద కొంత అదుపు ఉంటుందన్న ఒక్క గమనింపు మీద ఈ పరికరమంతా నిలబడింది.

2025లో గురుగ్రామ్‌కు చెందిన ఒక పాఠశాల విద్యార్థి ‘పారాస్పీక్’ అనే పరికరంతో ఒక జాతీయ స్థాయి పోటీలో విజేతల్లో ఒకడయ్యాడు. డిసార్థ్రియా ఉన్నవారు హిందీలో ముద్దగా పలికే మాటను విని, దాన్ని స్పష్టమైన మాటగా మార్చి పలకడం దీని పని. ఇందులో ఎలక్ట్రోడ్లు లేవు, మైకు మాత్రమే. ఇక్కడా అదే తెలివి కనిపిస్తుంది: రోగిలో పోయినది ఏమిటని కాక, మిగిలింది ఏమిటని వెతకడం. హాకింగ్‌కు బుగ్గ మిగిలింది. కొందరికి ఊపిరి, కొందరికి కంటిచూపు, కొందరికి ముద్ద మాట మిగులుతాయి. మంచి పరికరం ఆ మిగిలినదాన్ని పట్టుకుని పని మొదలుపెడుతుంది.

నూటికి తొంభై రెండు అంటే ఎంత?

పరీక్షలో 92 మార్కులు వస్తే మనం పిల్లవాడి భుజం తడతాం. కాని మాట విషయంలో లెక్క వేరు. నూటికి 92 అంటే సుమారు పన్నెండు మాటల్లో ఒకటి తప్పు. నూటికి 81 అంటే ఐదు వాక్యాల్లో దాదాపు ఒకటి తప్పు. ‘టీ కావాలా?’ అన్నప్పుడు ‘వద్దు’ బదులు ‘కావాలి’ వస్తే నవ్వుకుంటాం. ‘నొప్పి ఉందా?’ అని డాక్టర్ అడిగినప్పుడు ‘లేదు’ అని వస్తే? నిఖాలో ‘ఖుబూల్’ అడిగినప్పుడు? వసీయత్ రాయించేటప్పుడు?

ఇది మన సమాజం ముందుగానే ఆలోచించవలసిన విషయం. మాట రాని వ్యక్తి స్పష్టమైన సైగను నోటి మాటతో సమానంగా పరిగణించాలని మన ఫిఖ్హ్ ఎప్పుడో అంగీకరించింది. 19వ శతాబ్దంలో ఉస్మానీ సామ్రాజ్యంలో క్రోడీకరించిన ‘మజల్లా’లో కూడా ఈ సూత్రం ఉంది. అంటే, మాట లేనివాడికి సమ్మతి తెలిపే హక్కు, నిరాకరించే హక్కు రెండూ ఉన్నాయన్నమాట. యంత్రం మాట్లాడే రోజున ఈ సూత్రానికి కొత్త పరీక్ష వస్తుంది. యంత్రం పలికింది ఆ మనిషి మాటేనా, యంత్రం ఊహేనా? పక్కనున్న బంధువు తన ఇష్టాన్ని దానిలో కలపలేదు కదా? కాబట్టి ముఖ్యమైన సందర్భాల్లో యంత్రం పలికినదాన్ని ఆ వ్యక్తికి మళ్లీ వినిపించి, కన్ను ఆర్పడం ద్వారానో, వేలు కదపడం ద్వారానో ‘అవును’ అనిపించుకోవాలి. ఆలిములు, వైద్యులు, న్యాయవాదులు కలిసి కూర్చుని ఈ విషయంలో మార్గదర్శనం చేస్తే ఎన్నో కుటుంబాలకు మేలు జరుగుతుంది.

మన భాష సంగతి

పైన చెప్పిన యంత్రాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు నేర్చుకున్నవి. ఒకటి హిందీ నేర్చుకుంది. మన ఇళ్లలో పిల్లలు అమ్మతో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు, దుకాణంలో రెండూ కలిపి మాట్లాడతారు. తెలుగులో ‘వస్తాను’, ‘వస్తానా’, ‘వస్తావా’, ‘వస్తారా’ మధ్య తేడా చివరి అక్షరం దగ్గర ఉంటుంది. ఆ చివరి అక్షరమే అర్థాన్ని, మర్యాదను కూడా మార్చేస్తుంది. మాట ముద్దగా వచ్చేవారిలో ముందుగా చెడేది ఇలాంటి చిన్న తేడాలే. ఇరవై మాటల ఇంగ్లీషు యంత్రాన్ని తెచ్చి మన నానీమాకు తొడిగితే అది పనిచేయదు.

స్పష్టంగా మాట్లాడేవారి తెలుగును కంప్యూటర్‌కు నేర్పే పని ఇప్పటికే సాగుతోంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, మద్రాస్ ఐఐటీలోని ఏఐ4భారత్, కేంద్ర ప్రభుత్వ ‘భాషిణి’ కార్యక్రమం ఆ పనిలో ఉన్నాయి. రాసిన తెలుగును చదివి వినిపించే సదుపాయం మామూలు సెల్‌ఫోన్లలోనే దొరుకుతోంది. కాని మాట చెడినవారి తెలుగు, ఉర్దూ నమూనాలు యంత్రానికి కావాలంటే ఎవరో ఒకరు వారి ఇంటికి వెళ్లి, కూర్చుని, వారి అనుమతితో రికార్డు చేయాలి. దీనికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. ఇంజనీరింగ్ చదివే నలుగురు పిల్లలు, ఒక స్పీచ్ థెరపిస్ట్, ప్రయాణ ఖర్చులు, ఓపిక ఉంటే చాలు. ఆ కంఠం ఆ వ్యక్తిదే, ఆమె అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వరాదన్న నియమం మాత్రం మొదటి రోజే రాసుకోవాలి.

ఈలోగా చేయగలిగినవి

యంత్రం వచ్చేదాకా బిడ్డ వేచి ఉండలేదు. భాష పట్టుబడే తొలి ఏళ్లు తిరిగి రావు. అందువల్ల ఈ రోజే అందుబాటులో ఉన్నవి ముందు వాడాలి.

అన్నిటికంటే తేలికైనది బొమ్మల బోర్డు. అట్టముక్క మీద నీళ్లు, అన్నం, నొప్పి, బాత్‌రూమ్, అమ్మ, నమాజ్, ఆట, అవును, కాదు అనే బొమ్మలు అంటించి, లామినేషన్ చేయిస్తే వంద రూపాయలు కూడా కావు. బిడ్డ వేలితోనో చూపుతోనో చూపిస్తుంది. ‘బోర్డు అలవాటైతే ఇక మాట్లాడడేమో’ అని తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయానికి ఆధారం లేదు. సైగో, బొమ్మో, ఏదో ఒక దారి దొరికిన పిల్లల్లో మాట వెనక్కి పోదు. చాలామందిలో కొంత మెరుగుపడుతుంది కూడా.

దాని తర్వాతి మెట్టు, బొమ్మ నొక్కితే పలికే ట్యాబ్లెట్. చెన్నైలో అజిత్ నారాయణన్ రూపొందించిన ‘ఆవాజ్’ మన దేశంలో ఈ దారిలో ముందు నడిచింది. మన ఇళ్లలో రోజూ వాడే మాటే దాని పేరు కావడం విశేషం.

వైద్యం, శిక్షణల విషయంలో మనకు దగ్గరలోనే ఒక మంచి సంస్థ ఉంది. ముంబయిలో 1983లో ఏర్పాటైన జాతీయ వాక్, శ్రవణ వికలాంగుల సంస్థకు నవాబ్ అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, మహారాష్ట్ర గవర్నర్‌గా పనిచేసిన మన ప్రాంతం మనిషి ఆయన. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు, మండల స్థాయిలో సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాలు ఉన్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో మాట, భాష వైకల్యం ఒకటి. స్వరపేటిక తీసేయడం వల్ల, అఫేసియా వల్ల శాశ్వతంగా మాట పోయినవారు కూడా దాని కిందికి వస్తారు. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం వంటివి ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ ‘నిరామయ’ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంది. ఇవన్నీ ఉన్నాయని తెలియక, సదరం సర్టిఫికెట్ కోసం ఎవరి వెంట వెళ్లాలో తెలియక ఆగిపోయిన కుటుంబాలు మన మొహల్లాల్లోనే ఉన్నాయి.

దాతలు అడగవలసిన ప్రశ్నలు

ఎవరైనా విద్యార్థుల బృందం లేదా కంపెనీ ఇలాంటి పరికరంతో మన దగ్గరకు వస్తే ఆదరించాలి. అయితే సంతకం పెట్టే ముందు ఈ ప్రశ్నలు అడగాలి:

1. ఇది ఏ రకం లోపం ఉన్నవారికి? అఫేసియాకా, డిసార్థ్రియాకా, స్వరపేటిక లేనివారికా? ‘అందరికీ’ అంటే అనుమానించండి.

2. పరీక్షించింది ఆరోగ్యవంతుల మీదా, రోగుల మీదా? ఎంతమంది మీద?

3. ఎన్ని మాటలు తెలుసు? తెలుగు, ఉర్దూ వస్తాయా?

4. తప్పుగా పలికితే దిద్దుకునే వీలుందా? ‘అవును, ఇదే నా మాట’ అని ధరించిన వ్యక్తి నిర్ధారించగలడా?

5. ఎలక్ట్రోడ్లు, బ్యాటరీ పాడైతే ఎవరు మారుస్తారు? ఏడాదికి ఖర్చెంత?

6. ధరించబోయే వ్యక్తిని అడిగారా? పది రోజులు వాడి చూసి నచ్చలేదంటే తిరిగి తీసుకుంటారా?

ఆరో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. దానం చేసేవాడి సంతోషం కంటే తీసుకునేవాడి గౌరవం ముందు.

మన పిల్లలు కూడా చేయగలరు

ఇలాంటివి తయారుచేసేవారు ఎక్కడో పుట్టరు. నీతి ఆయోగ్ అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద దేశంలో పదివేలకు పైగా పాఠశాలల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు ఉన్నాయి. ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు వస్తుంది. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలు అక్కడ పనిచేయవచ్చు. మన యాజమాన్యాల కింద నడిచే బడులు దీనికి ఎందుకు దరఖాస్తు చేయకూడదు? గ్రాంటు రాని బడిలో కూడా కండర సంకేతాన్ని పట్టే ఒక చిన్న బోర్డు, ఒక మైక్రోకంట్రోలర్, ఒక స్పీకర్ ఉంటే, పిడికిలి బిగిస్తే ‘అవును’ అనే యంత్రాన్ని తొమ్మిదో తరగతి పిల్లలు తయారుచేయగలరు. ఖర్చు కొన్ని వేలు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఒంటికి ఎలక్ట్రోడ్లు తగిలించినప్పుడు పరికరం బ్యాటరీ మీదే నడవాలి. లాప్‌టాప్ ఛార్జర్ కూడా ప్లగ్గులో ఉండకూడదు.

సైన్స్ ప్రదర్శనలో బహుమతి తీసుకున్న పరికరం మర్నాడు బీరువాలోకి వెళ్లడం మనం చూస్తూనే ఉన్నాం. అలా కాకుండా, మొదటి రోజు నుంచే ఆ పిల్లలను దగ్గరి భవిత కేంద్రానికి తీసుకెళ్లి, మాట రాని ఒక పిల్లవాడితో పరిచయం చేయించాలి. అప్పుడు అది ప్రాజెక్టుగా మిగలదు, స్నేహితుడి అవసరంగా మారుతుంది. పరికరం పనిచేయకపోయినా ఆ స్నేహం మిగులుతుంది.

మన సొసైటీ, మన రూపాయి

దాతల ముందు నా సూచన ఇది. అందిన ప్రతి రూపాయిలో పెద్ద భాగం స్పీచ్ థెరపీ ఫీజులు, ప్రయాణ ఖర్చులు, బొమ్మల బోర్డులు, ట్యాబ్లెట్లకు పోవాలి. రెండో భాగం మన బడుల్లో విద్యార్థుల ప్రయోగాలకు. మూడో భాగం, చిన్నదైనా సరే, మాట చెడినవారి తెలుగు, ఉర్దూ నమూనాలు సేకరించే పనికి. జకాత్ సొమ్ము ఏ భాగానికి వాడవచ్చు, సదఖా సొమ్ము ఏ భాగానికి అన్నది ఆలిములను అడిగి, ఖాతాలు విడివిడిగా ఉంచాలి. పేద రోగికి నేరుగా అందే సాయం వేరు, ల్యాబు నిర్మాణం వేరు. ఆ తేడాను మొదటే పాటిస్తే తర్వాత చిక్కు ఉండదు.

డబ్బు ఇవ్వలేనివారు కూడా ఒక పని చేయవచ్చు. మీ వీధిలో మాట రాని బిడ్డ, మాట పోయిన పెద్దాయన ఉంటే పేరు, చిరునామా, వారి కుటుంబం అనుమతితో, సొసైటీ కార్యాలయానికి తెలియజేయండి. సదరం శిబిరానికి ఒకసారి తోడు వెళ్లండి. వారిని పలకరించినప్పుడు పక్కవారిని కాకుండా వారినే చూసి అడగండి, జవాబు కోసం ఒక నిమిషం ఆగండి. ఆ నిమిషం ఆగడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. అల్లాహ్ మనందరికీ ఆ ఓపికను, ఆ సేవాభాగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.